తెర అడుగున రాసిన వాక్యం

అర్మీందు పోయిన రోజు మిందేలు రేవులో గాలి లేదు. జనవరిలో ఆ ఊళ్లో గాలి ఆగడం అరుదు. పక్క దీవి నుంచి వచ్చిన పడవ ఇంజను విప్పుతూ, చేతిలో పానాతోనే అతను కూలబడ్డాడు. ఆసుపత్రికి చేర్చేలోగా అంతా అయిపోయింది. కబురు వచ్చేసరికి అతని అక్క ఎర్మెలిందా మూడో తరగతి గదిలో ఉంది. బోర్డు మీద భాగహారం లెక్క సగంలో ఉంది. ఆమె ఆ లెక్క పూర్తి చేసి, శేషం కింద గీత గీసి, అప్పుడు సుద్దముక్క పెట్టేసి బయటికి వచ్చింది. ఎంత నిబ్బరం అని తర్వాత ఊరంతా మెచ్చుకుంది. ఆమెకు మాత్రం ఆ లెక్క గుర్తొచ్చినప్పుడల్లా ముఖం దాచుకోవాలనిపించేది.

మర్నాడు పూడ్చిపెట్టారు. ఏడు రోజులు ముందు గదిలో చాప పరిచి ఉంచారు. వచ్చినవాళ్లు ఆ చాప మీద తల్లికీ ఎర్మెలిందాకూ ఎదురుగా కూర్చుని, చేయి పట్టుకుని, నాలుగు మంచి మాటలు చెప్పి, కాఫీ తాగి వెళ్లారు. మిలూకా మాత్రం పెరటి తలుపున వచ్చింది. చేతిలో కోడిగంజి గిన్నె.

మిలూకాను ఆ పేటలో ఎరగనివాళ్లు లేరు. పుట్టినప్పుడు మగపిల్లాడని రాయించారు. పద్నాలుగో ఏట ఆమె గౌను వేసుకుని వీధిలోకి వచ్చింది. కొన్నాళ్లు రాళ్లు పడ్డాయి, కొన్నాళ్లు పాటలు కట్టారు, ఆ తర్వాత అందరికీ వేరే పనులు తగిలాయి. ఇప్పుడు నలభై దాటింది. పొద్దున చేప కూరిన కజ్జికాయలు అమ్ముతుంది. మధ్యాహ్నం నుంచి నీలి లంగరు అనే ఊరేగింపు జట్టు షెడ్డులో కార్నివాల్ దుస్తులు కుడుతుంది. అర్మీందు పదకొండేళ్లుగా రాత్రి భోజనం ఆమె ఇంట్లోనే చేసేవాడని పేటలో చాలామందికి తెలుసు. ఎర్మెలిందాకూ తెలుసు. తెలుసునన్న సంగతి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. ఒకసారి తన పుట్టినరోజుకి మిలూకా ఇంటికి భోజనానికి రమ్మని అర్మీందు పిలిచాడు. పరీక్ష పేపర్లు దిద్దాలని ఎర్మెలిందా చెప్పింది. అది సెప్టెంబరు, బడులు ఇంకా తెరవలేదు. అతను మళ్లీ పిలవలేదు.

"టీచర్, అమ్మకు వేడిగా ఉండగానే పట్టండి. పొద్దున్నుంచీ ఏమీ తినలేదట" అంది మిలూకా, గుమ్మం దాటకుండా.

"అక్కడ పెట్టు, మిలూకా. శ్రమపడ్డావు."

అంతే అంది. లోపలికి వచ్చి చాప మీద కూర్చోమని అనలేదు. మిలూకా కూడా ఆశించినట్టు కనబడలేదు. ఏడు రోజులూ ఆమె వంటింట్లో గిన్నెలు తోమింది, మొక్కజొన్న దంచింది, వచ్చినవాళ్లకు కప్పులు కడిగి అందించింది. ఇంట్లో ఆడవాళ్లంతా నల్లబట్టలు కట్టారు. మిలూకా ఒంటి మీద రోజూ వేసుకునే పసుపుపచ్చ ఏప్రనే ఉంది.

నాలుగు వారాలకు కార్నివాల్ వచ్చింది. చావు జరిగిన ఇంటివాళ్లు ఆ ఏడు కార్నివాల్ చూడరు. ఊరేగింపు తమ వీధిలోంచి వెళ్తుంటే వీధివైపు కిటికీలు మూసుకుంటారు. ఎర్మెలిందా కూడా మధ్యాహ్నమే నీలం కిటికీ రెక్కలు రెండూ బిగించి, తల్లి పక్కన కూర్చుంది. డప్పులు దగ్గరపడ్డాయి. నీలి లంగరు వాళ్ల దరువు ఆమె గుర్తుపట్టింది. ఆ దరువు సరిగ్గా వాళ్ల కిటికీ ముందు ఆగిపోయింది. లెక్కపెట్టడం ఆమెకు అలవాటు. తొమ్మిది దాకా లెక్కపెట్టాక మళ్లీ దరువు అందుకుంది. ఎవరో పడిపోయి ఉంటారనుకుంది.

ఆ ఆగడం వల్ల నీలి లంగరుకు రెండు మార్కులు తగ్గి, మొదటి బహుమతి చేజారింది. ఆ ఏడు జట్టు ముందు రాణి వేషంలో నడిచింది మిలూకా. డప్పుల మేస్త్రీ తోయ్ వారం రోజులు పేటంతా తిరిగి మొత్తుకున్నాడు. "రాణిగారి చెప్పు పట్టీ తెగిందట! చెప్పు తెగితే చెప్పు వదిలేసి నడవాలి కానీ జట్టునంతా నడివీధిలో నిలబెడతారా? ఏమే మిలూకా, వచ్చే ఏడు నీ కాళ్లకి మేకులు కొట్టి పంపిస్తా చూడు!"

"కొట్టించరా, వెండి మేకులైతేనే నడుస్తా" అని మిలూకా నవ్వేసేది.

మార్తా అనే లిస్బన్ అమ్మాయి ఆ ఏడాదే కెమెరాతో వచ్చింది. మిలూకా మీద, ఆమెలాంటి మరో ఇద్దరి మీద, వాళ్లు ఏడాది పొడుగునా కుట్టి ఒక్క మంగళవారం వీధిలోకి తెచ్చే కార్నివాల్ మీద డాక్యుమెంటరీ తీసింది. మార్తాకు పోర్చుగీసు తప్ప దీవి మాట రాదు. మాట్లాడిందంతా విని, పోర్చుగీసులో రాసిపెట్టే నమ్మకమైన మనిషి ఎవరని అడిగితే మిలూకాయే చెప్పింది. "మా టీచరున్నారు. నాకు రెండో తరగతిలో అక్షరాలు దిద్దించింది ఆవిడే. నాకు అక్షరాలు నిలవలేదు, అది వేరే సంగతి."

ఎర్మెలిందా ఒప్పుకుంది. ఇల్లు ఖాళీగా ఉండేది, సాయంత్రాలు గడిచేవి కావు. బడి నోట్‌బుక్కులు నాలుగు కొని, ఒక్కో మాటకూ నంబరు వేసి, పక్కన పోర్చుగీసులో రాసుకుంటూ పోయింది. ఆమె రాసినదాన్నే మార్తా మిగతా భాషల్లోకి మార్పించి తెర అడుగున వేయిస్తుంది. అంటే ఫ్రెంచివాడు చదివినా, జర్మన్‌వాడు చదివినా, మిలూకా మాట అని చదివేది ఎర్మెలిందా వాక్యాన్నే.

మూడో నోట్‌బుక్కులో ఉండగా ఆ దృశ్యం వచ్చింది. కార్నివాల్ మంగళవారం, వాళ్ల వీధి, వాళ్ల ఇల్లు, మూసిన నీలం కిటికీ. ముందు మిలూకా. తల మీద ఆకుపచ్చ, ఎరుపు, బంగారు రంగులుంటాయనుకుంది ఎర్మెలిందా. రాణి దుస్తులు నల్లగా ఉన్నాయి. వందల కోడి ఈకలు నల్లరంగులో ఉడకబెట్టి, ఎండబెట్టి, ఒక్కోటీ తీగకు కట్టినవి. ఆ నల్లని ఆకారం కిటికీ ముందు ఆగి, మూడుసార్లు తల వంచింది. ఈకలు నేలను తాకాయి. తర్వాత లేచి నడిచింది.

ఆ వెంటనే మిలూకా కుట్టుమిషన్ ముందు కూర్చుని, మొహం పక్కకు తిప్పుకుని మాట్లాడుతోంది.

"పట్టీ తెగిందని తోయ్‌తో అన్నాను. అబద్ధం. ఆ ఇల్లు అర్మీందుది. పదకొండేళ్లు నా చేతి కూడు తిన్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర నువ్వెవరివే అనడిగితే కజ్జికాయలమ్మే మనిషినండీ అన్నాను. ఇంకేం చెప్పను? వాళ్ల చాప మీద నాకు చోటెక్కడిది, నల్లబట్ట కట్టే హక్కెక్కడిది? కార్నివాల్లో ఏ రంగు కట్టినా ఎవరూ అడగరు కదా. అందుకే రాణి బట్టలు నల్లగా కుట్టుకున్నా. కిటికీ ముందు ఆగి చెప్పుకోవాల్సింది చెప్పుకున్నా. టీచర్‌కి కోపం రాకూడదు."

చివరి మాట దగ్గర ఎర్మెలిందా వీడియో ఆపింది. లేచి నీళ్లు తాగింది. తల్లి పక్కగదిలో జపమాల తిప్పుతోంది. బడిలో తల్లిదండ్రుల సమావేశం గుర్తొచ్చింది, చర్చిలో తన వెనక వరుసలో పాడే ఆడవాళ్లు గుర్తొచ్చారు. ఇంత ముసలితనంలో అమ్మ ఇది వినగూడదు అని తనకు తాను చెప్పుకుంది. అమ్మకు పోర్చుగీసు చదవడం రాదన్న సంగతి అప్పుడు తోచలేదు. కూర్చుని, ఎప్పటి గుండ్రని అక్షరాలతో రాసింది: "రాత్రిరాణి వేషానికి నలుపే నప్పుతుంది. ఆ ఇంటి ముందు నా చెప్పు పట్టీ తెగింది. కొత్త చెప్పులు. అందుకే ఆగాను."

పట్టీ మాట మిలూకాదే కదా, తను కల్పించింది కాదు కదా అని కూడా అనుకుంది.

"ఇక్కడ కళ్లు తుడుచుకుంటోందేం?" అని మార్తా అడిగింది ఒకరోజు.

"ఆ చెప్పులంటే ఆమెకు ప్రాణం" అంది ఎర్మెలిందా.

రెండేళ్లు గడిచాయి. సినిమా చాలా ఊళ్లు తిరిగింది. ఒక ఊరికి మార్తా మిలూకాను కూడా తీసుకెళ్లింది. చివరికి, కార్నివాల్‌కు ముందు ఆదివారం, మిందేలులో నీలి లంగరు షెడ్డులోనే చూపిద్దామన్నారు. ఆ కబురు తెలిసిన మర్నాడు మిలూకా ఎర్మెలిందా ఇంటికి వచ్చింది. ఎప్పటిలాగే పెరటి తలుపున.

"కజ్జికాయలు తెచ్చాను. కారం తక్కువేశాను, అమ్మ కోసం."

"కూర్చో."

మిలూకా వంటింటి స్టూలు మీద కూర్చుంది. చేతులకు జిగురు అంటుకుని ఉంది. కాసేపు వేళ్ల మీది జిగురు గిల్లుకుంది.

"టీచర్, ఒక మాట అడగడానికొచ్చా. అందులో నేనన్న మాట మీకు తెలుసు. మీరే కదా రాసింది. మీరు అప్పుడు కోప్పడలేదు, తీసెయ్యమని అనలేదు. ఎంత మంచివారో అనుకున్నా. కానీ అవన్నీ పరాయి ఊళ్లు. ఇక్కడైతే అమ్మ వింటుంది, చర్చివాళ్లు వింటారు. వద్దంటే చెప్పండి, మార్తాకి చెప్పి ఆ ముక్క కోయించేస్తా. నాకేం బాధ లేదు."

ఆమె గొంతులో నిజంగానే నిష్ఠూరం లేదు. అది ఉంటే ఎర్మెలిందాకు కొంత తేలికగా ఉండేది.

"నీకు ఉంచాలని ఉందా?"

"ఉంది" అంది మిలూకా వెంటనే. తర్వాత సిగ్గుపడ్డట్టు నవ్వింది. "ఒక్కసారి మనవాళ్ల ముందు అనాలని ఉంది. పరాయివాళ్ల ముందు అంటే ఏం లాభం? వాళ్లకి పట్టదు. నేను వెళ్లిన ఊళ్లో ఏం జరిగిందో చెప్పనా? పెద్ద హాలు, మెత్తటి కుర్చీలు. నల్లబట్టల్లో నేనాగిన చోట అంతా నిశ్శబ్దం. ఇంక నేను అర్మీందు మాట ఎత్తానో లేదో, హాలంతా నవ్వు. పగలబడి కాదులెండి, ముచ్చటపడి నవ్వినట్టు. నా పక్కనున్న ఆవిడ నా మోకాలు తట్టింది కూడా. నేను నవ్వుమొహమే పెట్టుకుని కూర్చున్నా. గదికెళ్లాక ఏడ్చా. ఇప్పటికీ నాకు తెలీదు టీచర్, అంత మాట వింటే వాళ్లెందుకు నవ్వుతారు? మీరు చదువుకున్నవారు."

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. ఎర్మెలిందా లేచి మంట తగ్గించింది. వీపు మిలూకా వైపే ఉంచి, గిన్నె తుడిచింది. తుడవాల్సినంత కంటే ఎక్కువసేపు తుడిచింది.

"ఒక్కో దేశానిది ఒక్కో తీరు" అంది.

"అంతే అయ్యుంటుంది" అంది మిలూకా.

ఆ సాయంత్రమే ఎర్మెలిందా మార్తాకు మెయిల్ రాసింది. రాయడానికి కూర్చున్నప్పుడు నిజమే రాద్దామనుకుంది. మూడు వాక్యాల నిజం. తను మార్చిన మాటలు దిద్దితే షెడ్డులో తెర మీద సరైన మాటలే పడతాయి. కానీ ఎందుకు దిద్దావని మార్తా అడుగుతుంది. అడిగితే రెండేళ్లు, ఇన్ని ఊళ్లు, ఆ హాలు, ఆ నవ్వు అన్నిటికీ జవాబు చెప్పాలి. దిద్దకపోతే ఇంకో ప్రమాదం. దీవిలో అందరికీ చెవులున్నాయి, సగంమందికి చదువొచ్చు. పైన ఒకటి విని కింద ఇంకొకటి చదువుతారు. రాసిందెవరో అందరికీ తెలుసు.

చివరికి ఆమె రాసింది ఇది: "ఇక్కడ అందరికీ మా మాట అర్థమవుతుంది. కింద అక్షరాలు పడితే మొహాలకు అడ్డం. సబ్‌టైటిల్స్ లేని కాపీ పంపండి."

గంటలో జవాబు వచ్చింది. "ఎంత మంచి ఆలోచన! మీకు కాక ఇంకెవరికి తోస్తుంది?"

ఆదివారం మధ్యాహ్నం షెడ్డు కిటికీలకు సిమెంటు సంచులు కట్టి చీకటి చేశారు. సగం తయారైన రథం మీద, దానికి కట్టిన మొసలి బొమ్మ తోక మీద, ఎక్కడ చోటు దొరికితే అక్కడ జనం కూర్చున్నారు. ఎనభై ఆరేళ్ల తల్లి తానూ వస్తానని పట్టుబట్టింది. ఇంట్లో ఉంటే మోకాళ్లకు మంచిదని ఎర్మెలిందా అంటే, "నా మోకాళ్ల సంగతి నాకొదిలెయ్" అంది. ముందువరుసలో ఆమెకు కుర్చీ వేశారు. మిలూకా వెనక, తలుపు దగ్గర నిలబడింది.

మొదట్లో షెడ్డంతా గోల. ఎవరు కనబడితే వాళ్ల పేరు పెట్టి అరుపులు. తోయ్ డప్పు వాయిస్తూ కనబడగానే ఎవరో "ఒరేయ్, అప్పటికింకా జుట్టుందిరా నీకు!" అన్నారు. "నీకు పళ్లున్నాయిగా, అప్పటికి!" అన్నాడు తోయ్.

నీలం కిటికీ వచ్చింది. నల్ల రాణి వచ్చింది. ఆగింది. "ఇదిగో, మన కప్పు పోయిన చోటు!" అని తోయ్ అరిచాడు, అందరూ నవ్వారు. ఆ నవ్వు వింటూ ఎర్మెలిందా చేతులు ఒళ్లో బిగించుకుంది. తర్వాత మిలూకా కుట్టుమిషన్ ముందు కూర్చుని చెప్పడం మొదలెట్టింది. రెండో మాటకే నవ్వులు ఆగిపోయాయి. ఆసుపత్రి గేటు దగ్గరికొచ్చేసరికి వెనకెవరో ఆడమనిషి "అయ్యో తల్లీ" అంది, ఎవరినీ ఉద్దేశించకుండా.

టీచర్‌కి కోపం రాకూడదు అన్న మాట దగ్గర తలలు కొన్ని ఎర్మెలిందా వైపు తిరిగాయి. అప్పుడు తల్లి, చెవుడున్నవాళ్ల పెద్ద గొంతుతో అంది. "అయితే మనం కిటికీ తియ్యాల్సింది, ఎర్మెలిందా."

సినిమా తన దారిన తాను నడిచింది.

మర్నాడు పొద్దున్నే మిలూకా ఇంటి ముందు మనుషులు పోగయ్యారు. రెండేళ్ల ఆలస్యంగా పరామర్శకు వచ్చారు. ఏం చేయాలో తోచక మిలూకా పక్కింటి నుంచి చాప అరువు తెచ్చి పరిచింది. అందరికంటే ముందు తోయ్ వచ్చాడు, ఇస్త్రీ చొక్కాలో. చాప మీద కూర్చుని మిలూకా చేయి పట్టుకున్నాడు.

"నాకు చెప్పుంటే దరువు ఇంకో వంద లెక్క ఆపేవాణ్ణి కదే. రెండేళ్లు నిన్ను చెప్పు పట్టీ, చెప్పు పట్టీ అని ఏడిపించాను. నన్ను కొట్టు."

"వెండి చెప్పుతోనేనా?" అంది మిలూకా. ఇద్దరూ ఏడ్చారు.

తల్లి పోరుపెట్టగా ఎర్మెలిందా ఆమెను తీసుకుని వచ్చింది. వీధి తలుపున లోపలికి వెళ్లారు. ఆ ఇంట్లో అడుగుపెట్టడం ఎర్మెలిందాకు అదే మొదటిసారి. కిటికీ పక్కన బల్ల, రెండు కుర్చీలు. ఒక కుర్చీ సీటు నలిగి, ఒకవైపు కుంగి ఉంది. అర్మీందు ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి కూర్చునేవాడు.

తల్లి చాప మీద మిలూకా పక్కనే, చుట్టాల వైపున కూర్చుంది. "వాడు రాత్రుళ్లు ఇంట్లో తినకపోయినా లావెక్కుతుంటే ఎవరు పెడుతున్నారో అనుకునేదాన్ని. బాగా పెట్టావమ్మా" అంది.

మిలూకా ముసలామె భుజం మీద తల ఆనించింది. కాసేపటికి తేరుకుని, చుట్టూ ఉన్నవాళ్లతో అంది. "ఇదంతా టీచర్ చలవ. ఇంకొకరైతే తమ్ముడి మాట బయటికి రానిచ్చేవారా? నేనన్నది అన్నట్టు, పొల్లుపోకుండా రాసి దేశాలన్నీ తిప్పారు. నిన్న కింద అక్షరాలు వద్దన్నది కూడా ఆవిడేనట, నా మొహం బాగా కనబడాలని."

అందరూ ఎర్మెలిందా వైపు చూశారు. మంచిగా చూశారు. ఎవరో జరిగి ఆమెకు చాప మీద చోటిచ్చారు. చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. తోయ్ తన తప్పు చెప్పుకున్నంత తేలిగ్గా, అంత తక్కువ మాటల్లో చెప్పేయొచ్చు. ఆమె నోరు తెరిచింది కూడా.

"కప్పులెక్కడున్నాయి? నేను కాఫీ కలుపుతాను" అంది.

వంటింట్లోకి వెళ్లి, రెండేళ్ల కిందట తన ఇంట్లో మిలూకా నిలబడ్డట్టే నిలబడి, పదిహేడు కప్పులు కడిగింది. చాప మీద కూర్చోమని మిలూకా రెండుసార్లు పిలిచింది. "వస్తున్నా" అంటూనే ఉంది కానీ వెళ్లలేదు.

బుధవారానికి కార్నివాల్ అయిపోయింది. మార్తా దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. సినిమా వచ్చే నెల ఇంకో నాలుగు ఊళ్లకు వెళ్తోంది, ఒక ఊరికి మిలూకా కూడా వస్తానంది, మీ పాత నోట్‌బుక్కు ప్రకారమే కొత్త భాషలోకి మార్పించనా, లేక మార్చాల్సినవేమైనా ఉన్నాయా అని అడిగింది.

ఎర్మెలిందా మూడో నోట్‌బుక్కు తీసి, ఆ పేజీ తెరిచి, పాత వాక్యం మీద గీత గీసి, మిలూకా అన్నది అన్నట్టు కింద రాసింది. అర్మీందు పేరు రాసింది. ఆసుపత్రి గేటు రాసింది. చివరి మాట కూడా వదలకుండా రాసింది. రాయడానికి పది నిమిషాలు పట్టలేదు.

ఇది జరిగి పదిహేను రోజులైంది. మిలూకా రోజూ పొద్దున కజ్జికాయలు తెచ్చి, ఇప్పుడు వీధి తలుపునే వచ్చి, ఇచ్చి వెళ్తోంది. ఆమెకు ఎర్మెలిందా ఏమీ చెప్పలేదు. మార్తాకు జవాబు ఇంకా రాయలేదు.